మూసీ వరద మీద డాక్యుమెంటరీ తీసేవారికి: కెమెరాను ముందు చెరువు కట్ట ఎక్కించండి

సంపాదకులకు నమస్కారం.

1908 నాటి మూసీ వరద మీద ఏటా సెప్టెంబర్ ఆఖరుకు డాక్యుమెంటరీలు, టీవీ కథనాలు, యూట్యూబ్ వీడియోలు వరసగా వస్తున్నాయి. చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు, దాని కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్న 150 మంది, అఫ్జల్‌గంజ్ శిథిలాల ఫోటోలు, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ మూసీ తల్లికి చీర పెట్టి శాంతించమని వేడుకున్నాడన్న కథ. చివర్లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య వస్తారు, జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కనిపిస్తాయి, సంగీతం పైకి లేస్తుంది, అయిపోతుంది.

ఇవేవీ అక్కర్లేనివని మేం అనడం లేదు. ఆ చెట్టు కింద నిలబడి పైకి చూస్తే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఉర్దూ రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతుర్ని పోగొట్టుకున్నాడు. పాతబస్తీ పెద్దల నోట ‘తుగ్యానీ’ (వరద) అన్న మాట వినపడగానే ఆ ఇళ్లలో గొంతు తగ్గిపోయేది. అదంతా చెప్పాల్సిందే. కానీ ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, అంత తక్కువ సమయంలో అంత ఎత్తున ఎలా వచ్చాయి అన్నది మాత్రం ‘కుంభవృష్టి కురిసింది, మూసీ పొంగింది’ అని ఒక్క ముక్కలో దాటేస్తున్నారు. అసలు కథ ఆ ముక్కలోనే ఉంది. చెరువులు, కట్టలు, మత్తళ్ల (అలుగుల) లెక్కలతో పనిచేసిన వాళ్లుగా మా మనవి ఒక్కటే: ఈ వరద మీద ఇకముందు డాక్యుమెంటరీ తీసేవాళ్లు కెమెరాను ముందు అఫ్జల్‌గంజ్‌లో కాకుండా ఎగువన శంషాబాద్ వైపు, ఏదైనా పాత చెరువు కట్ట మీద పెట్టండి.

వాన దగ్గర మొదలుపెడదాం. సెప్టెంబర్ 28 సోమవారం. వరద పోటెత్తింది ఆ రోజే అయినా, వాన అంతకుముందు నుంచే పడుతోంది. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు నమోదైంది. నేటి లెక్కలో చెప్పాలంటే ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల పైన, రెండు రోజుల్లో 48 సెంటీమీటర్లు. రెండో రోజు వాన పడేసరికి నేల అప్పటికే నానిపోయి ఉంది, చెరువులు నిండి ఉన్నాయి. సెప్టెంబర్ నెలాఖరంటే వానాకాలం చివర. జూన్‌లో ఇదే వాన పడి ఉంటే సగం నీళ్లు ఎండిన చెరువుల్లో, నెర్రెలిచ్చిన రేగడిలో ఇంకిపోయేవి. కాబట్టి డాక్యుమెంటరీలో వాన అంకె ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. ఏ నెలలో పడిందో, నేల ఎలా ఉందో కూడా చెప్పాలి. వరదను తేల్చేది ఆ రెండోదే.

ఇక అంకెను ప్రేక్షకుడికి అందేలా చెప్పడం. హైదరాబాద్‌కు ఎగువన మూసీ, దాని ఉపనది ఈసీ కలిపి 862 చదరపు మైళ్ల మేర నీళ్లు తెచ్చుకుంటాయి. ఈ విస్తీర్ణం మీద ఒక్క అంగుళం నీరు పారితే అది 2 టీఎంసీ (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఇది ఎవరైనా వేసుకోగల లెక్క: చదరపు మైలు అంటే 2 కోట్ల 78 లక్షల చదరపు అడుగులు, అంగుళం అంటే అడుగులో పన్నెండో వంతు. తెరమీద 12.8 అని రాయడం కంటే ‘ప్రతి అంగుళానికీ రెండు టీఎంసీలు’ అని చెప్పి, ఉస్మాన్‌సాగర్ (గండిపేట) మొత్తం నిండితే 3.9 టీఎంసీ అని పక్కన చూపితే మనసులో నిలుస్తుంది. రెండంగుళాలు పారితే చాలు, గండిపేట అంత నీరు కదిలినట్టే.

ఇప్పుడు చెరువులు. డాక్యుమెంటరీలో కనీసం మూడో వంతు సమయం వీటికి ఇవ్వాలని మా కోరిక. ఆ 862 చదరపు మైళ్లలో 788 చెరువులు ఉండేవి. అంటే ఇంచుమించు చదరపు మైలుకొకటి. అవి విడివిడిగా లేవు. గొలుసుకట్టు. పైచెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువుకు, అది నిండితే ఇంకో కిందికి, అలా వాగు దాకా. కరువు సీమలో నీటి బొట్టు పోనివ్వకుండా తరతరాలు కట్టుకున్న ఏర్పాటు ఇది. దీన్ని మించిన తెలివి ఈ నేల మీద లేదు. కానీ గొలుసుకు ఒక గుణం ఉంది. పై కొక్కెం తెగితే దాని బరువంతా కింది కొక్కెం మీద పడుతుంది. 1908లో 788 చెరువుల్లో 221 తెగాయి.

ఒక చెరువు ఎలా తెగుతుందో దగ్గర నుంచి చూపండి. మాటలతో చెప్తే సరిపోదు, కానీ చెప్పే మాట కూడా సరిగ్గా ఉండాలి. కట్ట మట్టిది. లోపలి వైపు, నీటి అలలు తగిలే చోట రాతి పేర్పు ఉంటుంది. బయటి వాలుకు ఏ రక్షణా ఉండదు, గడ్డి మాత్రమే. కట్టకు ఒక కొసన, గట్టి నేల ఉన్న చోట మత్తడి కడతారు. దాన్నే అలుగు, కలుజు అని కూడా అంటారు. నిండు చెరువుకు మించిన నీళ్లు దాని మీదుగానే పోవాలి. నిండు మట్టానికి పైన కట్ట ఇంకో మూడు నాలుగు అడుగులు ఎత్తు ఉంటుంది. చెరువు ప్రాణం ఆ మూడు నాలుగు అడుగుల్లోనే ఉంది.

లెక్క చూడండి. 50 అడుగుల పొడవున్న మత్తడి మీద రెండడుగుల మందాన నీరు దుంకితే అది పంపగలిగేది సుమారు 425 క్యూసెక్కులు, అంటే సెకనుకు 425 ఘనపుటడుగులు. చదరపు మైలు మీద గంటకు అంగుళం చొప్పున వాన పడి, నేల నానిపోయి అంతా పారితే వచ్చేది 645 క్యూసెక్కులు. అంటే పైనుంచి ఏ ఇతర చెరువూ తెగకపోయినా, తన సొంత నీళ్లకే ఆ మత్తడి చాలదు. నీటి మట్టం పెరుగుతుంది. పెరిగితే మత్తడి ఎక్కువ పంపుతుంది, నాలుగడుగుల మందం దుంకితే 1,200 క్యూసెక్కుల దాకా పోతుంది, కానీ అప్పటికి నీరు కట్ట నెత్తి మీదికి వచ్చేసి ఉంటుంది. ఇక పైచెరువు తెగి, అది ఏడాదంతా దాచుకున్న నీళ్లు కూడా గంట రెండు గంటల్లో వచ్చి పడితే ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కట్ట మీదుగా నీళ్లు పొర్లడం మొదలైన మొదటి క్షణాల్లో పెద్దగా ఏమీ కనిపించదు. కట్ట నెత్తిన ఎక్కడో ఒకచోట, బండ్లు నడిచి గుంట పడ్డ చోట, పలచగా ఒక పొర జారుతుంది. అది బయటి వాలు మీద గడ్డిని పడుకోబెడుతూ దిగుతుంది. వాలు అడుగుకు చేరేసరికి వేగం అందుకుంటుంది, అక్కడ మట్టిని గుంట పెడుతుంది. ఆ గుంట మెట్టు అవుతుంది. మెట్టు వెనక్కి, పైకి పాకుతుంది. తేట నీళ్లు పోయి ఎర్ర నీళ్లు వస్తాయి. ఆ రంగు మారడం చూసిన నీరటికాడు (చెరువు కాపలా, నీటి పంపకం చూసే మనిషి) ఇక కట్ట మీద నిలబడడు. మెట్టు కట్ట నెత్తిని చేరిన క్షణాన రెండడుగుల వెడల్పు సందు పడుతుంది, చూస్తుండగానే అది ఇరవై అడుగులవుతుంది, ఆ తర్వాత అటూ ఇటూ కట్ట ముక్కలు ముక్కలుగా విరిగి పడుతుంది. గండి పడ్డాక ఇసుక బస్తాలతో ఆపగలిగేది లేదు. ఆపగలిగేది మొదటి పొర జారినప్పుడే, అదీ మనిషి అక్కడ ఉంటేనే.

పొర్లకుండా తెగే దారి ఇంకోటి ఉంది. ఎలుక బొరియలు, ఎండ్రకాయల బొక్కలు, ఎండిపోయిన చెట్టు వేర్లు వదిలిన సందులు, తూము గోడ పక్కన సరిగా కూరని మట్టి. వీటిగుండా నీరు చెమ్మగా మొదలై, సన్నటి ఊటగా మారి, మట్టిని మోసుకుపోతూ లోపలే గొట్టంలా దారి చేసుకుంటుంది. పైనుంచి కట్ట నిక్షేపంలా కనిపిస్తుంది, ఒక్కసారిగా కుంగుతుంది. అందుకే పాతకాలంలో కట్ట మీద తుమ్మ, ఈత మొలిస్తే నీరటి తెగేసేవాడు. ఈ రెండు రకాల తెగడాన్నీ యానిమేషన్‌లో చూపడానికి రెండు నిమిషాలు చాలు, ఖర్చు కూడా పెద్దగా కాదు. మూడడుగుల మట్టిదిబ్బ చేసి నీళ్లు వదిలి చూపినా సరే. వెయ్యి మాటల కంటే మేలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. తప్పంతా చెరువులదే అని తేల్చే కథనాలు కూడా అక్కడక్కడ కనిపిస్తున్నాయి. అది సరికాదు. నగరం దగ్గర మూసీ గరిష్ఠ ప్రవాహం 4,25,000 క్యూసెక్కులని విశ్వేశ్వరయ్య లెక్కగట్టారు. పరివాహకమంతా శంషాబాద్‌లో పడినంత వాన పడిందనుకుని, చుక్క ఇంకలేదనుకున్నా, రోజు సగటు మూడు లక్షల క్యూసెక్కుల లోపే వస్తుంది. కానీ ఏ వరదకైనా ఉధృతి సగటు కంటే ఎక్కువే ఉంటుంది. కనుక ఆ తేడా మొత్తం గండ్ల వల్లే వచ్చిందని ఈ లెక్కతో అనలేం. అనగలిగింది ఇదీ: వాన అసాధారణం, అది ఒక్కటే వచ్చినా మూసీ గట్లు దాటేది, తెగిన 221 చెరువులు ఆ వరదకు ఇంకా నీటిని జోడించాయి, అది కూడా అలలు అలలుగా, మనుషులు తేరుకునే సమయం ఇవ్వకుండా. డాక్యుమెంటరీ రెండు మాటలూ చెప్పాలి. ఒకటి చెప్పి ఒకటి వదిలితే అబద్ధమవుతుంది.

4,25,000 క్యూసెక్కులు అంటే ఎంతో ఎలా చూపాలి? క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. లెక్కవేస్తే సెకనుకు 1 కోటి 20 లక్షల లీటర్లు. హైదరాబాద్ వీధుల్లో తిరిగే 5,000 లీటర్ల మంచినీళ్ల ట్యాంకర్ అందరికీ తెలుసు. అలాంటివి 2,400 ట్యాంకర్లు, సెకనుకు. ఇంకో సెకనుకు ఇంకో 2,400. ఇలా చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. మనం పైన చూసిన 50 అడుగుల మత్తడితో పోలిస్తే వెయ్యి మత్తళ్లు ఒక్కచోట దుంకినట్టు.

దీన్ని తెరమీద నిరూపించడానికి పురానాపూల్‌ను మించిన కొలబద్ద లేదు. 1578లో కట్టిన వంతెన. పొడవు సుమారు 600 అడుగులు, నదిగర్భం నుంచి ఎత్తు 54 అడుగులు. స్తంభాల మందం తీసేయకుండా, కమాన్ల గుండ్రాన్ని లెక్కలోకి తీసుకోకుండా, నిలువు దీర్ఘచతురస్రంగానే చూసినా నీరు పోయే సందు 32,400 చదరపు అడుగులు. సెకనుకు పదడుగుల వేగంతో, అంటే మనిషి పరుగెత్తే వేగంతో పారినా, వంతెన కిందుగా పోగలిగేది 3,24,000 క్యూసెక్కులు. నిజానికి స్తంభాలు పోను అంతకంటే చాలా తక్కువ. మిగతా లక్ష పైచిలుకు క్యూసెక్కులు ఎటు పోవాలి? వంతెన మీదుగా, పక్కల నుంచి, ఊళ్లోకి. పురానాపూల్ నిలబడింది, దిగువన అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిని నగరం రెండు ముక్కలైంది. కెమెరాను పురానాపూల్ కింద ఇసుకలో పెట్టి పైకి తిప్పి, ఈ నాలుగు అంకెలు చెప్పండి. ఇంకే వ్యాఖ్యానమూ అక్కర్లేదు.

ఊళ్లో ఇళ్లు ఎందుకంతగా కూలాయో కూడా ఒక మాట. నది ఒడ్డున అప్పటి ఇళ్లు చాలావరకు మట్టి గోడలవి. మట్టి గోడ ప్రవాహానికి కొట్టుకుపోవడం కంటే ముందే, కింది రెండు మూడడుగులు నానిపోయి మెత్తబడి, పైన మిద్దె బరువుకు కుంగుతుంది. ఇంటి పైకప్పెక్కిన వాళ్లు ఇంటితోపాటే పోవడానికి కారణం ఇదే. కొల్సావాడి లాంటి బస్తీలు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి. మృతుల సంఖ్య 15,000 అన్నది తరచూ వినపడే అంచనా. అంచనా అనే చెప్పండి. దాన్ని పెద్దది చేసి 50 వేలు అని ఎర్రక్షరాలతో థంబ్‌నెయిల్ పెట్టడం వల్ల పోయినవాళ్ల గౌరవం పెరగదు.

ఫోటోల విషయం. మనకు దొరికే 1908 ఫోటోలు, పిక్చర్ పోస్టుకార్డులు చాలావరకు నీళ్లు తీశాక తీసినవి. వాటిలో కనిపించేది శిథిలం, వరద కాదు. ఆ లోటు పూడ్చడానికి కొందరు వేరే ఊళ్ల వరద దృశ్యాలు కలుపుతున్నారు, ఇప్పుడు కంప్యూటర్‌తో పుట్టించిన బొమ్మలు కూడా వస్తున్నాయి. ఒక వీడియోలో నీళ్లలో కరెంటు స్తంభాలు, ఇంకోదాంట్లో ఆసుపత్రి పక్కన ఇప్పటి ఉస్మానియా గుమ్మటాలు. ఆ గుమ్మటాల భవనం వరద తర్వాత కట్టింది. హైకోర్టు భవనం కూడా అంతే. పాత ఫోటోకు రంగులద్దితే రంగులద్దామని మూలన చిన్నక్షరాలతో వేయండి. ఊహాచిత్రమైతే ఊహాచిత్రమని వేయండి. నగరం రూపురేఖలకు లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో వరద తర్వాత కొన్నేళ్లకు తయారైన మున్సిపల్ సర్వే పటాలు ఉన్నాయి. సందు సందూ, బావి బావీ గీసిన పటాలవి. వాటిని ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూపితే నది ఎంత ఇరుకైందో ఎవరూ వాదించలేరు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు రికార్డులున్నాయి. ఉర్దూ, పార్శీ చదవగలిగిన మనిషిని వెంట తీసుకెళ్లండి. లేకపోతే గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చినట్టే.

విశ్వేశ్వరయ్య గారి దగ్గర దాదాపు ప్రతి డాక్యుమెంటరీ ఒకే తప్పు చేస్తోంది. ఆయన వచ్చి జలాశయాలు కట్టారని చెప్తున్నారు. ఆయన 1909 ఏప్రిల్‌లో బాధ్యత తీసుకుని, ఆరు నెలలు పరిశీలించి, అక్టోబర్ మొదట్లో నివేదిక ఇచ్చి, నవంబర్‌లో మైసూరు చీఫ్ ఇంజినీరుగా వెళ్లిపోయారు. వరదను నగరంలోంచి పంపే ప్రయత్నం చేయడం కంటే ఎగువనే మూసీ మీద, ఈసీ మీద పట్టుకోవాలన్నది ఆయన సూచనల్లో గుండెకాయ. గట్లు ఎత్తు చేయడం, ఒడ్డున రోడ్లు, తోటలు, మురుగునీటి ఏర్పాటు దానికి తోడు. అమలు జరిగింది తర్వాత. ఆరో నిజాం 1911లో కన్నుమూశారు. ఏడో నిజాం కాలంలో 1912లో నగరాభివృద్ధి బోర్డు వచ్చింది, 1913లో ఉస్మాన్‌సాగర్‌కు శంకుస్థాపన జరిగి 1920లో పూర్తయింది, హిమాయత్‌సాగర్ 1927కు తయారైంది. మధ్యలో హైదరాబాద్ సర్కారు ఇంజినీర్లు, ముఖ్యంగా సి.టి. దలాల్, ఏళ్ల తరబడి చేసిన పని ఉంది. నివేదిక ఆర్నెల్ల పని, నిర్మాణం పద్నాలుగేళ్ల పని. తెరమీద దలాల్ పేరు ఒక్కసారైనా పడాలి.

జలాశయాలున్నాయి కాబట్టి ఇక భయం లేదు అని ముగించడం రెండో తప్పు. ఉస్మాన్‌సాగర్ నిండు మట్టం 1,790 అడుగులు, సామర్థ్యం 3.9 టీఎంసీ, 15 గేట్లు. హిమాయత్‌సాగర్ నిండు మట్టం 1,763.5 అడుగులు, సామర్థ్యం 2.97 టీఎంసీ, 17 గేట్లు. రెండూ కలిపి 6.87. 1908 నాటి ఉధృతి గంటసేపు పారితే 1.53 టీఎంసీ. అంటే రెండు జలాశయాలూ ఖాళీగా ఉన్నా నాలుగున్నర గంటల్లో నిండుతాయి. సెప్టెంబర్ చివర్లో అవి ఖాళీగా ఉండవు, నిండు మట్టానికి అడుగో రెండడుగులో తక్కువలో ఉంటాయి. తాగునీటికి నిండుగా ఉండాలి, వరదకు ఖాళీ ఉండాలి. ఈ రెండు అవసరాల లాగులాటే జంట జలాశయాల అసలు సమస్య. ఇంకో సంగతి, ఇది దాదాపు ఎవరూ చెప్పరు: హిమాయత్‌సాగర్‌కు నీళ్లు తెచ్చే నేల ఉస్మాన్‌సాగర్ నేల కంటే ఒకటిన్నర రెట్ల పైనే, దాచుకునే చోటు మాత్రం తక్కువ. అందుకే ఈసీ వైపు పెద్ద వాన పడితే అది గంటల్లో నిండి గేట్లు ఎత్తాల్సి వస్తుంది. గేట్లు ఎంత ముందుగా, ఎంత కొద్దికొద్దిగా ఎత్తారన్నదే దిగువన మూసానగర్, చాదర్‌ఘాట్ ఇళ్లలోకి నీళ్లొస్తాయా రావా అన్నది తేలుస్తుంది. 2025 సెప్టెంబర్ 26 రాత్రి ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి మూసీ వచ్చింది. అప్పుడు పైనుంచి వదిలింది ముప్పై వేల క్యూసెక్కుల పైచిలుకు. 1908 ఉధృతిలో పదో వంతు కూడా కాదు. ఈ ఒక్క పోలిక డాక్యుమెంటరీలో పెడితే గత శతాబ్దపు కథ నిన్నటి కథ అవుతుంది.

2020 అక్టోబర్ 13 రాత్రి ఇంకా సూటైన ఉదాహరణ. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు కురిసింది. 1908లో శంషాబాద్‌లో పడినంత. అది నగరానికి దిగువన పడింది కాబట్టి మూసీ కథ వేరేగా నడిచింది. కానీ అదే రాత్రి శంషాబాద్ దారిలో గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి బెంగళూరు హైవే మీద మనుషులను, వాహనాలను ఈడ్చుకుపోయింది. పల్లె చెరువు, కొన్ని రోజులకు గుర్రం చెరువు తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. నూటపన్నెండేళ్ల తర్వాత, అదే దిక్కున, అదే తీరు: మత్తడి దారి మూసుకుపోయింది, శిఖం భూమి (చెరువు నీళ్లు నిలిచే నేల) తగ్గిపోయింది, నీరు కట్ట ఎక్కింది. నగరంలో పెరిగిన సిమెంటు నేల వల్ల నీరు ఇంకకపోవడమే కాదు, చెరువును చేరే సమయం కూడా తగ్గుతుంది. మూడు గంటల్లో రావాల్సిన నీళ్లు గంటలో వస్తే అదే మత్తడికి మూడు రెట్ల భారం. 1996 నాటి జీవో 111, జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దులు పెట్టినప్పుడు అందరూ నీటి కాలుష్యం గురించే మాట్లాడారు. వరద కోణంలో దాన్ని చర్చించే డాక్యుమెంటరీ ఇంకా రావాలి.

తీసేవారికి కొన్ని పని సంగతులు. చిత్రీకరణ ఆగస్టు చివరి నుంచి అక్టోబర్ మొదటి వారం లోపు పెట్టుకోండి. మత్తడి దుంకేది అప్పుడే. వేసవిలో తీస్తే గడ్డి మేస్తున్న బర్రెలు తప్ప ఏమీ ఉండదు. శంషాబాద్ ప్రాంతంలో విమానాశ్రయం వల్ల డ్రోన్లకు కఠినమైన ఆంక్షలున్నాయి. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడని రెడ్ జోన్ ఎక్కడిదాకా ఉందో విమానయాన అధికారుల డిజిటల్ స్కై పటంలో ముందే చూసుకోండి. అనుమతి రాకపోతే కట్ట మీద నిచ్చెన, పొడవాటి కర్రకు కట్టిన కెమెరా చాలు. కట్ట ఎత్తే మీకు కావలసిన ఎత్తు. సంగం దగ్గర, బాపూఘాట్ వెనక, మూసీ ఈసీ కలిసే చోట తెల్లవారుజామున తీయండి. వాన పడ్డ మర్నాడు రెండు నదుల నీళ్ల రంగు తేడా కళ్లకు కనిపించే రోజులుంటాయి. తెగిన చెరువు కట్టను మళ్లీ పూడ్చిన చోటు కట్టకు మిగతా భాగం కంటే వేరే మట్టి రంగులో, కాస్త వంకరగా ఉంటుంది. ఊరి పెద్దలను అడిగితే ‘ఇది గండి కట్ట’ అని చూపిస్తారు. ఇంటర్వ్యూలకు చరిత్రకారుడిని, కవిని పిలిచినట్టే ఒక నీరటిని కూడా పిలవండి. తూము షట్టర్ ఎన్ని చుట్లు తిప్పితే ఎంత నీరు పోతుందో, కట్ట మీద ఏ చోట ముందు చెమ్మ కనిపిస్తుందో చెప్పగలిగేది అతనే. కెమెరా ముందు కూర్చోబెట్టి అడిగితే మాట్లాడడు. కట్ట మీద నడుస్తూ అడగండి.

ఇంకొక్కటి. మీరు వెళ్లిన ప్రతి చెరువు దగ్గరా మత్తడి పక్కన అడుగులు గీసిన గేజి పలక ఉందేమో చూడండి. ఉంటే దాని మీద నీరు ఏ గీతను తాకుతోందో దగ్గరగా తీయండి. లేకపోతే ఆ ఖాళీ గోడనే తీయండి, చెరువు పేరు, తేదీ కింద వేసి.

— నీటిపారుదల శాఖలో పనిచేసి విరమించిన కొందరు ఇంజినీర్లు, హైదరాబాద్